వీలునామా ఈసీలో ఎందుకు కనపడలేదు? 1వ పుస్తకం, 3వ పుస్తకం, 1-బి, అడంగల్: ఈ మాటలకు అసలు అర్థం చెప్పండి

మెట్టపొలం

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారు పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన ట్రంకుపెట్టెలో రెండు కాగితాలు దొరికాయి. ఒకటి 1984లో మా తాతగారు రెండెకరాల పది సెంట్ల మెట్ట కొన్న క్రయ దస్తావేజు. రెండోది 1991లో ఆ పొలం మా నాన్నకు చెందాలని తాతగారు రాసిన వీలునామా. దస్తావేజు వెనక గుండ్రటి సీలు పక్కన "1వ పుస్తకము 1984వ సం.పు 1127 నెంబరుగా రిజిస్టరు చేయబడినది" అని ఉంది. వీలునామా వెనక కూడా అలాంటి వరుసే, కాకపోతే "3వ పుస్తకము 1991వ సం.పు 23 నెంబరుగా" అని ఉంది.

మా చిన్నాన్న కొడుకు 1983 నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికేట్, ఆ పొలం మీద రిజిస్టరైన కాగితాల జాబితా) తీయించాడు. అందులో క్రయం వచ్చింది, వీలునామా రాలేదు. "ఈసీలో లేదంటే అది రిజిస్టరే కాలేదు, ఆ సీలు ఎవరో వేయించింది" అని పెద్దమనుషుల ముందే అనేశాడు. పొలం సంగతి తర్వాత. పోయిన మనిషి మీద పడిన మాట అది. మా అమ్మ ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు.

రెవెన్యూ రికార్డు అయిన 1-బిలో ఇప్పటికీ తాతగారి పేరే ఉంది. అడంగల్‌లో పట్టాదారు గడిలో తాతగారు, అనుభవదారు గడిలో నాన్న. ఈ పుస్తకాలేమిటి, ఈ గడులేమిటి, ఏది దేనికి సాక్ష్యం? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతగుమాస్తా

బాబూ, ముందు మీ అమ్మగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి. వీలునామా ఈసీలో రాదు. రాకపోవడమే పద్ధతి.

నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు దస్తావేజులు పుస్తకాల్లోకి ఎక్కించే పని చేశాను. ఉమ్మడి రాష్ట్రంలో కంప్యూటర్లు 1998లో 'కార్డ్' పథకంతో వచ్చాయి. అంతకుముందు ప్రతి కాగితాన్నీ పొల్లు పోకుండా చేత్తో నకలు రాసేవాళ్లం. కొట్టివేతలు, వరుసల మధ్య చేర్చిన మాటలు ఉంటే అవీ రాసేవాళ్లం. "రిజిస్టరు చేయబడినది" అంటే అర్థం అంతే. మీ కాగితం సర్కారు పుస్తకంలోకి ఎక్కింది అని.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 51వ సెక్షన్‌లో ఐదు పుస్తకాలు ఉన్నాయి. స్థిరాస్తి కాగితాలు, అంటే క్రయం, తాకట్టు, దానం, భాగపరిష్కారం లాంటివి 1వ పుస్తకంలోకి పోతాయి. ఏదైనా రిజిస్టరు చేయం అని తిప్పి పంపితే ఆ కారణాలు 2వ పుస్తకంలో. వీలునామాలు, దత్తత తీసుకోవడానికి ఇచ్చే అధికార పత్రాలు 3వ దాంట్లో. మిగతా నానారకాలు 4లో. వీలునామాను కవర్లో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకుంటే దాని వివరాలు 5లో.

ఈసీ అనేది 1వ పుస్తకం సూచికలు వెతికి ఇచ్చే కాగితం. 3వ పుస్తకం జోలికి ఆ వెతుకులాట పోదు. మనిషి బతికుండగా ఎవరికేం రాశాడో బయటపడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. చట్టం రాసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. అందుకే 57వ సెక్షన్ ప్రకారం 1వ పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. 3వ పుస్తకంలోని నకలు మాత్రం రాసినాయన బతికున్నంత కాలం ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప ఇవ్వరు. ఆయన పోయాక అడిగినవాళ్లెవరికైనా ఇస్తారు. అప్పుడు కూడా పుస్తకం మన చేతికివ్వరు, ఆఫీసరే వెతకాలి. సూచికలో సైతం ఇదే జాగ్రత్త. రాసినాయన పేరు వెంటనే ఎక్కుతుంది, ఆస్తి ఎవరికి చెందాలో ఆ పేరు ఆయన పోయాకే ఎక్కాలి.

ఇక 'సీలు ఎవరో వేయించారు' అన్నమాటకు జవాబు మీ చేతిలోనే ఉంది. నంబరు 23. ప్రతి పుస్తకంలో నంబర్లు జనవరిలో 1తో మొదలై ఆ ఏడాది చివరిదాకా వరుసగా నడుస్తాయి, మధ్యలో ఖాళీ వదలరు. పేజీలకు ముందే అచ్చులో నంబర్లు ఉంటాయి, మొత్తం ఎన్ని పేజీలో మొదటి పేజీలో ఆఫీసరు ధృవీకరించి ఉంటారు. తర్వాత తెచ్చి ఇరికించడానికి చోటు ఉండదు. మీ తాతగారి మరణ ధృవపత్రం పట్టుకుని వెళ్లండి, 3వ పుస్తకం 1991వ సంవత్సరం 23వ నంబరు నకలు కావాలని దరఖాస్తు పెట్టండి. ఆ చోట మీ తాతగారి వీలునామా ఉంటే మాట అక్కడితో అయిపోతుంది.

కోర్టువరండా

పాతగుమాస్తా గారు చెప్పినదానికి ఒక జాగ్రత్త చేరుస్తాను, మెట్టపొలం గారు తప్పుగా అనుకోవద్దు.

ఈసీలో లేదు కాబట్టి అబద్ధం అనడం ఎంత తప్పో, రిజిస్టరు అయింది కాబట్టి ఇక తిరుగులేదు అనుకోవడం కూడా అంతే తప్పు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, 18వ సెక్షన్‌లో ఐచ్ఛికం. తెల్లకాగితం మీద రాసినదైనా చెల్లుతుంది. చెల్లాలంటే రాసినాయన సంతకమో వేలిముద్రో ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకాలు చేసి ఉండాలి. కోర్టుకు వెళ్తే ఆ ఇద్దరిలో ఒకరైనా బతికుండి బోనెక్కి "నా ముందు సంతకం పెట్టారు, నేనూ ఆయన ముందు పెట్టాను" అని చెప్పాలి. ఇద్దరూ పోయి ఉంటే ఒక సాక్షి చేతిరాతను, రాసినాయన సంతకాన్ని గుర్తుపట్టే మనుషుల్ని పిలవాలి.

రిజిస్టరు కావడం వల్ల ఒరిగేది ఏమిటంటే, ఫలానా రోజు ఫలానా మనిషి ఆఫీసరు ముందుకొచ్చి ఇది నాదే అని ఒప్పుకున్నట్టు రికార్డు ఉంటుంది. అది గట్టి బలమే, తీసిపారేయలేం. కానీ సాక్షుల అవసరాన్ని అది తీర్చదు. మీ వీలునామాలో సాక్షులెవరో ఈ రోజే చూడండి. వయసైన మనుషులైతే ఆలస్యం చేయకండి.

కొత్తప్లాట్

మెట్టపొలం గారూ, మీ చర్చలో దూరుతున్నాను, క్షమించండి. ఇలాంటిదే నాదీ. ప్లాట్ కొనేముందు ముప్పై ఏళ్ల ఈసీ తీయించాను, నిల్ వచ్చింది. 'నిల్ ఈసీ' అంటే ఆ భూమి మీద ఏ గొడవా లేదని కాదా? అమ్మినాయన అక్కాచెల్లెళ్లు భాగం కోసం దావా వేశారని కొన్న ఏడాదికి తెలిసింది. సమన్లు ఇంటికొచ్చిన రోజు ఈసీ కాగితం పట్టుకుని కూర్చుండిపోయాను.

రాతపని

కాదు తమ్ముడూ. నేను దస్తావేజు లేఖరిని, రోజూ ఇదే చూస్తాను. ఈసీ అంటే మీరు అడిగిన సర్వే నంబరు మీద, అడిగిన తేదీల మధ్య, 1వ పుస్తకంలో ఎక్కిన కాగితాల జాబితా. అంతవరకే. నోటి మాటగా జరిగిన పంపకం అందులో రాదు. రిజిస్టరు కాని అగ్రిమెంటు రాదు. వీలునామా రాదని పైన చెప్పారు. తండ్రి పోతే పిల్లలకు వచ్చే వారసత్వం అసలు కాగితమే కాదు, అదెలా వస్తుంది? నడుస్తున్న దావా కూడా దానంతట అది ఎక్కదు. సర్వే నంబరు ఒక అంకె తేడాగా ఎక్కినా, సబ్ డివిజన్ మారినా జాబితా ఖాళీగా రావొచ్చు. 'నిల్' అంటే వెతికినచోట దొరకలేదు అని చదువుకోండి.

ఇంకోటి. ఈసీలో పేర్ల పక్కన ఈఎక్స్, సీఎల్ అని పొట్టి అక్షరాలు ఉంటాయి, చాలామంది వదిలేస్తారు. ఈఎక్స్ అంటే రాసిచ్చినవారు, సీఎల్ అంటే రాయించుకున్నవారు. అమ్మేవాడి పేరు పక్కన ఎక్కడో ఒకచోట సీఎల్ ఉండాలి, అప్పుడే ఆయనకు ఆ ఆస్తి కాగితం మీద వచ్చినట్టు. ఎక్కడా సీఎల్‌గా లేకుండా నేరుగా ఈఎక్స్‌గా కనిపిస్తే, మీకు ఎలా వచ్చిందయ్యా అని అడగాలి. అడిగితే తప్పు లేదు.

మంజీర_ఒడ్డు

మా దిక్కు మాటలు వేరే ఉంటయి. మీరు అడంగల్ అంటరు, మేము పహాణీ అంటం. రెండింటి పని ఒకటే, ఏ సర్వే నంబర్ల ఎవరు పట్టాదారు, ఎవరు దున్నుతున్నరు, ఏం పంట ఏసిన్రు అని ఏటేటా రాసేది. మీ ఆర్ఎస్ఆర్, అంటే సర్వే నంబర్ల అసలు రిజిస్టర్, లెక్కనే మాకు శేత్వార్. మీ ఎఫ్ఎంబీ, అంటే పొలం కొలతల పటం, లెక్క మాకు టిప్పన్. తండ్రి పోతే కొడుకుల పేరు ఎక్కించుడును విరాసత్ అంటరు. తరి అంటే మీ మాగాణి, ఖుష్కి అంటే మీ మెట్ట.

మా ఊర్ల ఏ పంచాయితీ అయినా ఆఖరికి ఖాస్రా పహాణీ కాడికే పోతది, అది 1954-55 నాటిది. మా అవ్వ పేరు దాంట్ల ఉండె. 2020ల ధరణి వచ్చినంక అనుభవదారు కాలమే తీసేసిన్రు. నలభై ఏండ్లు దున్నినోని పేరు ఒక్క గడి పోవుడుతోని పోయింది. గడి అంటే గడి కాదు అన్నా, మనిషి. 2025ల భూభారతి చట్టం వచ్చింది, ఇప్పుడు దరఖాస్తు పెట్టుకుని తిరుగుతున్న.

తెలుగుటీచర్

ఈ మాటల పుట్టుక తెలిస్తే అర్థం ఇంకా తేలిగ్గా పట్టుబడుతుంది. పహాణీ మరాఠీ నుంచి వచ్చింది, చూడటం అని అర్థం. ఉద్యోగి పొలం దగ్గరకు వెళ్లి కళ్లారా చూసి రాయాల్సిన కాగితం. శేత్ అంటే పొలం, శేత్వార్ అంటే పొలాలవారీగా రాసినది. అడంగల్ తమిళం, అన్నీ అందులో అడంగి, అంటే ఇమిడి ఉన్నది. పోరంబోకు కూడా తమిళమే, సాగు లెక్కకు పుఱం, అంటే బయట ఉంచిన భూమి. నకలు అరబ్బీ నుంచి, దస్తావేజు పారశీకం నుంచి వచ్చాయి.

ఎందుకు చెబుతున్నానంటే, చూసి రాయాల్సిన కాగితాన్ని కూర్చున్నచోట కూర్చుని పోయినేటి దాన్ని చూసి రాసేస్తే అది పహాణీ కాదు. మంజీర_ఒడ్డు గారి అవ్వ విషయంలో పోయిందీ, మెట్టపొలం గారి నాన్న విషయంలో మిగిలిందీ ఆ చూపే. అడంగల్‌లో అనుభవదారు గడిలో నాన్నగారి పేరు ఉందంటే ఎవరో ఒకరు ఆ పొలంలో ఆయన్ను చూశారన్నమాట.

కోర్టువరండా

టీచర్ గారు బాగా చెప్పారు. దాన్ని చట్టం భాషలో పెడితే, అడంగల్ స్వాధీనం గురించి చెబుతుంది, 1-బి హక్కుల నమోదు గురించి చెబుతుంది, దస్తావేజు ఆ హక్కు ఎలా చేతులు మారిందో చెబుతుంది. మూడు కాగితాలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకదాని జవాబు ఇంకో ప్రశ్నకు పెట్టినప్పుడే మెట్టపొలం గారి ఇంట్లో జరిగింది జరుగుతుంది.

రాతపని

వకీలు గారూ, మీ మాటకు అడ్డం అనుకోకండి. ఊళ్లో ఎవరినైనా అడగండి, పాస్ పుస్తకం ఎవరిదో పొలం వాడిదే అంటారు. బ్యాంకు అప్పు దాని మీదే ఇస్తుంది. పంట నష్టం దాని మీదే వస్తుంది. 1-బి కేవలం నమోదు అని మీరంటే రైతు ఎలా నమ్ముతాడు?

కోర్టువరండా

నమ్మమనే అంటున్నాను, ఎంతవరకు నమ్మాలో కూడా చెప్పమంటున్నాను. 1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాస్ పుస్తకాల చట్టంలో 6వ సెక్షన్ ఉంది. రికార్డులో ఉన్న నమోదు తప్పని రుజువయ్యేదాకా నిజమనే అనుకోవాలి అని. 'రుజువయ్యేదాకా' అన్నమాటలోనే అంతా ఉంది. అదే చట్టం 8వ సెక్షన్‌లో, నమోదు వల్ల హక్కు దెబ్బతిన్నవాడు సివిల్ కోర్టుకు వెళ్లి హక్కు ప్రకటన తెచ్చుకోవచ్చు, తెచ్చుకుంటే రికార్డును దాని ప్రకారం దిద్దాలి అని రాసి ఉంది. కోర్టు తీర్పు వెంట రికార్డు నడుస్తుంది. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, వల్ల యాజమాన్యం పుట్టదు, పోదు, అది శిస్తు వసూలుకు ఉపయోగపడే నమోదు అని సుప్రీంకోర్టు 1996లో సావర్ణి కేసులో చెప్పింది. తర్వాత కూడా పలుమార్లు అదే చెప్పింది.

కాబట్టి 1-బిలో తాతగారి పేరు మిగిలిపోయినంత మాత్రాన నాన్నగారి హక్కు పోలేదు. అలాగని వదిలేయడమూ మంచిది కాదు. హక్కు సంక్రమించినవారు 90 రోజుల్లో తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలపాలని ఆ చట్టమే చెబుతుంది. మన ఊళ్లలో ఎవరూ తెలపరు, ముప్పై ఏళ్ల తర్వాత మనవలు తగాదా పడతారు.

మెట్టపొలం

తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే అక్కడ ఒకాయన 'సక్సెషన్ సర్టిఫికేట్' తెమ్మన్నారు. అది కోర్టులో తీసుకోవాలట. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికేట్ ఉంది కదండీ అంటే అది చాలదన్నారు.

కోర్టువరండా

భారత వారసత్వ చట్టం కింద కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికేట్ చనిపోయినవారికి రావలసిన బాకీలకు, బ్యాంకు డిపాజిట్లకు, షేర్లు బాండ్ల వంటి వాటికి. పొలానికి కాదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికేట్ కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది తప్ప ఎవరికెంత వాటా అని చెప్పదు. మీ అర్జీని వీలునామా ఆధారంగా పెట్టండి, రసీదు తీసుకోండి. మీ చిన్నాన్న కొడుకు అభ్యంతరం రాసిస్తే వీలునామా నిజానిజాలు తేల్చాల్సింది సివిల్ కోర్టు. తహసీల్దారు ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే మీ చేతికందిన 60 రోజుల్లో ఆర్డీవో దగ్గర అప్పీలు ఉంటుంది.

కొత్తప్లాట్

ఇంకొక్క సందేహం. నా దస్తావేజు మీద తేదీలు నాలుగు ఉన్నాయి. ఏ తేదీ నుంచి ప్లాట్ నాది?

పాతగుమాస్తా

మంచి ప్రశ్న అడిగావు నాయనా, నేనున్న రోజుల్లో దీనిమీద కౌంటరు దగ్గర కొట్టుకున్నవాళ్లనూ చూశాను. మొదటిది స్టాంపు కాగితం కొన్న తేదీ. రెండోది రాసిచ్చిన తేదీ, పైన మొదటి వరుసలోనే ఉంటుంది. మూడోది ఆఫీసులో దాఖలు చేసిన తేదీ. నాలుగోది రిజిస్టరు అయిన తేదీ, చివరి సీలు దగ్గర. స్టాంపు డ్యూటీ తక్కువ కట్టారనో, ఇంకేదో కొర్రీ వచ్చిందనో కాగితం ఆగితే దానికి పెండింగ్ నంబరు ఇస్తారు, అప్పుడు మూడుకీ నాలుగుకీ మధ్య నెలలు గడవొచ్చు.

రాసిచ్చిన తేదీ నుంచి నాలుగు నెలల్లో దాఖలు చేయాలి. ఆ తర్వాత ఇంకో నాలుగు నెలలదాకా జరిమానాతో తీసుకోవచ్చు. అయితే ఒకసారి రిజిస్టరు అయ్యాక, 47వ సెక్షన్ ప్రకారం ఆ కాగితం రిజిస్టరైన తేదీ నుంచి కాదు, రాసిచ్చిన నాటి నుంచే పనిచేస్తుంది. మార్చిలో ఒకరికి రాసిచ్చి, దాని రిజిస్ట్రేషన్ జూన్‌లో అయ్యేలోపు, ఏప్రిల్‌లో అదే స్థలం ఇంకొకరికి రాసి వెంటనే రిజిస్టరు చేయించినవాడిని చూశాను. ఏప్రిల్ వాడు తన సీలు ముందు పడిందని ధీమాగా ఉన్నాడు. చివరికి మార్చి కాగితమే నిలిచింది. ఏప్రిల్ ఆయన కష్టార్జితం పెట్టి కొన్నాడు పాపం, ఆ రోజు మా ఆఫీసు మెట్ల మీద కూలబడిపోయాడు.

మంజీర_ఒడ్డు

రిజిస్టర్, రిజిస్ట్రార్, రిజిస్ట్రీ ఈ మూడు గూడ ఎవరన్న చెప్పున్రి. మా కేసు 'రిజిస్ట్రీ అభ్యంతరంల ఉంది' అని వకీలు ఫోన్ల చెప్పిండు, నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి అడిగిన, వాళ్లు మాకేం తెల్వదన్నరు.

కోర్టువరండా

అన్నా, రిజిస్టర్ పుస్తకం, రిజిస్ట్రార్ దాన్ని చూసే అధికారి. మీ వకీలు గారు అన్న రిజిస్ట్రీ హైకోర్టు కార్యాలయ విభాగం, కేసులు తీసుకుని నంబరు వేసేచోటు. అభ్యంతరం అంటే ఏదో కాగితం తక్కువైందనో, ప్రతి సరిగా లేదనో తిప్పి పంపారు. సరిచేసి మళ్లీ దాఖలు చేస్తే నంబరు పడుతుంది. దానికి మీ భూమి రిజిస్ట్రేషన్‌తో సంబంధం లేదు.

మెట్టపొలం

పదహారు రోజుల తర్వాత వస్తున్నాను. నకలు వచ్చింది.

దరఖాస్తు పెట్టిన రోజు లేదన్నారు, రెండోసారి వెళ్తే పాత సంపుటాలు వేరే గదిలో ఉన్నాయన్నారు. మూడోసారి అటెండర్ గారు సంపుటం తెచ్చి దుమ్ము దులిపి ఆఫీసరు గారి బల్ల మీద పెట్టారు. నన్ను ముట్టుకోనివ్వలేదు, దూరం నుంచి చూశాను. 3వ పుస్తకం, 1991, 23వ నంబరు. తాతగారి పేరు. అసలులో నాలుగో వరుసలో "పడమర" అని తప్పు రాసి కొట్టేసి "తూర్పు" అని ఉంటుంది. నకలులో కూడా ఆ కొట్టివేత ప్రస్తావన ఉంది. పాతగుమాస్తా గారూ, మీలాంటి ఎవరో ఆ రోజు కూర్చుని అంత శ్రద్ధగా రాసి ఉంటారు. వారు ఎక్కడున్నా వారికి నా నమస్కారం.

సాక్షుల్లో ఒకరు పోయారు. రెండోవారు మా ఊరి బడిలో పనిచేసిన మాస్టారు, ఎనభై నాలుగేళ్లు. నిన్న వెళ్లి కలిశాను. సంతకం చూపించగానే "ఇది నాదే, ఆ రోజు మీ తాతకు జ్వరం, రిక్షాలో తీసుకెళ్లాం" అన్నారు. నకలు మా చిన్నాన్న కొడుక్కి కూడా ఒకటి ఇచ్చాను. చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మా అమ్మ దగ్గర కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లాడు. అభ్యంతరం రాస్తాడో లేదో ఇంకా చెప్పలేదు. మ్యుటేషన్ అర్జీ సోమవారం పెడుతున్నాను. అసలు వీలునామా మడతల దగ్గర చిరుగుతోంది, లామినేషన్ చేయించనా?

పాతగుమాస్తా

వద్దు వద్దు, లామినేషన్ అసలు వద్దు. వేడికి సిరా చెదురుతుంది, వేలిముద్ర పరీక్ష అవసరమైతే పనికిరాదు, వెనక సీలు కూడా మసకబారుతుంది. మడత విప్పి, పెద్ద ప్లాస్టిక్ కవర్లో పరిచి, అడుగున అట్ట పెట్టి బీరువాలో ఉంచండి. అర్జీకి నకలు జత చేయండి, అసలు ఎవరి చేతికీ ఇవ్వకండి, ఆఫీసరు అడిగితే మీ ఎదురుగా చూపించి తిరిగి తెచ్చుకోండి.

కోర్టువరండా

మాస్టారు గారికి ఎనభై నాలుగు అన్నారు కదా. దావా పడే సూచన కనిపిస్తే ఆయన సాక్ష్యాన్ని ముందుగా, ఇంటి దగ్గరే, కోర్టు నియమించే కమిషనర్ ద్వారా నమోదు చేయమని కోర్టును అడిగే వీలుంది. సోమవారం అర్జీ పెట్టాక మీ వకీలు గారితో ఈ సంగతి మాట్లాడండి.

మెట్టపొలం

అలాగేనండీ. కవరు, అట్ట ఇప్పుడే తెచ్చాను. మడత అమ్మ విప్పుతోంది.